చప్పుడు బాబాయి, పదమూడో ఎక్కం

మా బాబాయికి ప్రపంచంలో ఏ చప్పుడూ ఇబ్బంది కాదు, తన మోటారు సైకిల్ చప్పుడు తప్ప. పిండిమర ఆయన సొంతం. గోడలదిరేలా మర తిరుగుతుంటే దాని పక్కనే కుర్చీ వేసుకుని హాయిగా కునుకు తీసేవాడు. అదే మనిషి, బండి చైను కిర్రుమందంటే చాలు, నడిరోడ్డు మీద ఆపేసి, స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజనుకీ రెండో కొన చెవికీ ఆనించి, రోగిని పరీక్షించే డాక్టరులా కళ్ళు మూసుకునేవాడు. వెనక బస్సువాడు హారన్ కొడితే, "ఆపవయ్యా నీ గోల! ఇక్కడ చప్పుడు వినాలి!" అని వాణ్ణే కసిరేవాడు. వీధి వీధంతా ఆయనకు చప్పుడు బాబాయి అని పేరు పెట్టేసింది. సొంత బాబాయి కాబట్టి నేను ఎదురుగా మాత్రం అలా పిలిచేవాణ్ణి కాదు.

ఈ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. పిన్ని గొంతుకి ఆపరేషన్ అయ్యాక మొదలైంది. అంతకుముందు పిన్ని పిలిస్తే వీధి చివర వెళ్ళేవాడు కూడా "వస్తున్నా" అనేవాడు. ఆపరేషన్ తర్వాత ఆ గొంతు కాస్తా గుసగుసగా మిగిలింది. ఇంటిని ఆనుకునే మర ఉండటంతో ఆ హోరులో గుసగుస కూడా వినపడక, సైగలతోనే సంసారం నెట్టుకొచ్చేది. ప్రతి ఆదివారం బాబాయి వెనక కూర్చుని అలా తిరిగొచ్చే అలవాటు కూడా మానేసింది. ఎందుకని అడిగితే బండి వైపు చేయి చూపించి తల అడ్డంగా ఊపింది.

"బండి చప్పుడుకే మీ పిన్ని ఎక్కట్లేదురా," అన్నాడు బాబాయి. "దాన్ని పోగొడితే ఎక్కుతుంది. పోగొడతా."

వీధిలో వ్యాఖ్యానాలకు కొదవా? "అదృష్టవంతుడు! ఇంట్లో గొంతు ఆగింది, ఇక బండి కూడా నోరు మూసుకుంటే స్వర్గమే," అన్నాడు ఎదురింటి రిటైర్డు గుమాస్తా. తన దగ్గుతో వీధి మొత్తాన్ని నిద్ర లేపే పెద్దమనిషి ఈయన.

బాబాయి మొదట చైను మార్పించాడు. లింకు లింకుకీ రబ్బరు రింగులున్న ఖరీదైన చైను వేయించాడు. చప్పుడు సగమైంది. మిగిలిన సగం బాబాయికి రెట్టింపు వినిపించింది. తర్వాత వెనక చక్రం లోపలి రబ్బర్లు మార్పించాడు. ఆపైన ముందు పళ్ళచక్రం తీయించి, ఒక పన్ను ఎక్కువున్నది వేయించాడు. దాంతో ఇంజను నిదానంగా తిరిగి వణుకు తగ్గింది గానీ, బండికి ఎత్తెక్కే ఓపిక పోయింది. వంతెన వచ్చినప్పుడల్లా నేను దిగి నెట్టాల్సి వచ్చేది.

"ఇప్పుడెంత నిశ్శబ్దంగా ఉందో చూశావా?"

"ఇంజను ఆగిపోయింది బాబాయ్!"

మెకానిక్ దండం పెట్టేశాడు. "సార్, ఈ బండికి ఇంక చప్పుడు లేదు. ఉంటే మీ చెవిలో ఉంది."

"నా చెవి విప్పగలవా?"

"విప్పలేను సార్."

"అయితే బండే విప్పు."

ప్రతి మార్పు తర్వాతా ఒక పరీక్ష ఉండేది, నా ఖర్మ కొద్దీ. నేను వెనక కూర్చుని గుసగుసగా పదమూడో ఎక్కం చెప్పాలి. గొంతు పెంచకూడదు, ముందుకు వంగకూడదు. మధ్యలో ఎక్కడో ఒక తప్పు చెప్పాలి. బాబాయి ఆ తప్పు పట్టుకుంటే బండి పాసు.

"పదమూడే ఎందుకు బాబాయ్?"

"పదో ఎక్కమైతే వినపడకపోయినా ఊహించేయొచ్చు. నన్ను నేనే మోసం చేసుకోవాలా?"

ఉద్యోగం చేసుకునే మనిషిని, పెదాలు కదుపుకుంటూ ఊరంతా తిరిగాను. సిగ్నల్ దగ్గర పక్క బండివాడు "ఏం సార్, పరీక్షలా?" అని జాలిపడ్డాడు. మొదట్లో బుద్ధిగా "పదమూడు నాలుగులు యాభై మూడు" అనేవాణ్ణి. బాబాయి ఉలకడు, పలకడు. ఎలాగూ వినపడదని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. "పదమూడు ఐదులు బాబాయి మొండిఘటం. పదమూడు ఆర్లు బాబాయికి పిచ్చి ముదిరింది." ఇంటికొచ్చాక దిగాలుగా అడిగేవాడు, "ఎక్కడ తప్పు చెప్పావురా?" అని. "అంతా తప్పే బాబాయ్," అనేవాణ్ణి.

చివరికి మెకానిక్కే ఒక దారి చెప్పాడు. "చైనే తీసిపారేద్దాం సార్. మీ మరకున్నట్టు బెల్టు వేద్దాం, పళ్ళున్న రబ్బరు బెల్టు. దీనికీ పోకపోతే ఇంక నా వల్ల కాదు."

బెల్టు బిగిస్తున్నంతసేపూ బాబాయి స్టూలు మీద కూర్చోలేక, నిలబడలేక అవస్థ పడ్డాడు. "ఇదీ కాకపోతే మీ పిన్ని ఇంక బండెక్కదురా," అన్నాడు. ఆ మాటకి నాకూ నవ్వు రాలేదు.

బయల్దేరాం. నేను అలవాటుగా మొదలుపెట్టాను. ఆర్ల దగ్గరికి రాగానే బండి టక్కున ఆగింది. నా ముక్కు వెళ్ళి ఆయన వీపుకి కొట్టుకుంది.

"పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది. పిచ్చి ఎవడికిరా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "బాబాయ్, తప్పైపోయింది..."

"తప్పేంట్రా వెధవా! మళ్ళీ తిట్టు! ఇంకా మెల్లగా తిట్టు!"

నడిరోడ్డు మీద తిట్టించుకుని మరీ మురిసిపోయిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. వెనక బస్సువాడు యథాప్రకారం హారన్ కొట్టాడు.

ఇంటికి రాగానే బాబాయి మర ఆపేశాడు. పిండి కోసం వచ్చినవాళ్ళు డబ్బాలు పట్టుకుని నోళ్ళు తెరిచారు. పిన్ని బయటికొచ్చి బండి వైపు అనుమానంగా చూసింది. బాబాయి చొక్కా మార్చుకోవడానికి లోపలికి పరిగెత్తగానే నాతో గుసగుసగా అంది. "ఇంట్లో ఎప్పుడూ మర, లేకపోతే చుట్టాలు. పెళ్ళైనప్పట్నుంచీ మేం మాట్లాడుకున్నదంతా ఈ బండి మీదేరా. నా మాట ఆయనకి వినపడనప్పుడు ఎక్కి ఏం చేయను?"

అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు, ఇన్నాళ్ళూ నేను ఎవరి సీట్లో కూర్చుని, ఎవరి గొంతుతో ఎక్కం చెప్పానో. నాకు బాబాయి మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

ఇద్దరూ వెళ్ళారు. చాలాసేపటికి తిరిగొచ్చారు. పిన్ని పెదాలు ఆగకుండా కదులుతూనే ఉన్నాయి. "పాపం, మళ్ళీ మొదలైంది!" అన్నాడు గుమాస్తా.

గేటు ముందు బండి ఆగింది. "పాల దుకాణం దగ్గర ఆపమన్నానా లేదా?" అంది పిన్ని. గేటు దగ్గరున్న నాకే స్పష్టంగా వినపడింది.

"ఏమన్నావ్?" అన్నాడు బాబాయి.

"పాలండీ, పాలు!"

"ఏదీ, ఇంకోసారి?"

పిన్ని ఆయన భుజం మీద ఒక్కటిచ్చి లోపలికి వెళ్ళింది. నాకు నీరసం వచ్చింది. "ఇంత చేసీ వినపడలేదా బాబాయ్?"

బాబాయి గుమ్మం వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"మొదటిసారే వినపడిందిరా. దుకాణం దగ్గర కూడా వినపడింది. పిన్నికి చెప్పకు."