రాహుకాలంలో ల్యాండ్‌మాస్టర్

మా అశోక్‌నగర్ ఇంట్లో కింది వాటాలో పన్నెండేళ్ళు కిరాయికున్న దక్షిణామూర్తిగారు కావాలని ఎవరికీ అపకారం చేసిన మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక. ఎందుకంటే ఇక చెప్పబోయేదంతా ఆయన వల్ల ఎవరెవరు ఎన్ని తిప్పలు పడ్డారన్నదే.

ఆయనది గోదావరి జిల్లా. రాష్ట్రాలు కలిసినప్పుడు కర్నూలు నుంచి ఫైళ్ళతో పాటు దిగి, బషీర్‌బాగ్‌లో ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా కుదురుకున్నారు. ఊరంతా, ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ గొడవలతో అట్టుడికిన ఏడాది కూడా మా పై వాటాకీ ఆయన కింది వాటాకీ మాటా మాటా రాలేదు. మా మధ్య తగువంటూ ఉంటే అది ఒక్క కారు గురించే.

అది కాకినాడలో ఆయన బావమరిది కొత్త బండి కొనుక్కుంటూ వదిలించుకున్న పాత ల్యాండ్‌మాస్టర్. ఇంజను మంచిదే. గంటకు నలభై మైళ్ళు అనాయాసంగా పోగలదు. దక్షిణామూర్తిగారు దానికి ఆ అవకాశం ఎన్నడూ ఇవ్వలేదు.

గొడవలు చల్లారిన మరుసటి ఏడు చిక్కడపల్లి రోడ్డుకు కొత్తగా తెల్లగీతలు కొట్టారు. ఎడమ వరస సైకిళ్ళకు, రిక్షాలకు, ఎద్దుబండ్లకు, నిదానంగా పోయేవాళ్ళకు. కుడి వరస దాటిపోయేవాళ్ళకు. ఈ సంగతి తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో బోర్డు రాసి పెట్టారు. దక్షిణామూర్తిగారు మూడు భాషల్లోనూ చదువుకుని, గంటకు అయిదు మైళ్ళ చొప్పున కుడి వరసలోనే పోయేవారు. వెనక బస్సులు, ఆటోలు, నా లాంబ్రెట్టా స్కూటరు పెళ్ళి ఊరేగింపులాగా సాగేవి. బాజాల లోటు హారన్లు తీర్చేవి.

"ఎడమ దిక్కు పోవచ్చు గద సార్?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఎడమ పక్క గల్లీల్లోంచి పిల్లులు అడ్డం వస్తాయండీ జగన్మోహన్‌గారూ," అన్నారాయన, ఇంత చిన్న విషయం నాకు తెలియనందుకు జాలిపడుతూ.

పిల్లుల కథ అలా ఉండగా, ఆ నడకకు అసలు కారణం పంచాంగం. బయలుదేరడం మంచి వేళ కావాలి. ఆఫీసులో కుడికాలు పెట్టడం మంచి వేళ కావాలి. మధ్యలో రాహుకాలమో వర్జ్యమో వస్తే దాన్ని రోడ్డు మీద ఖర్చుపెట్టాలి. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. ఆఫీసు పదిన్నరకు. అంచేత ఆయన తొమ్మిదికి పది నిమిషాల ముందే కారు తీసి, రెండు మైళ్ళ దూరానికి నల్లకుంట, బర్కత్‌పురా చుట్టబెట్టి, మళ్ళీ నారాయణగూడ మీదుగా, గంటన్నర పైచిలుకు నడిపి, రాహువు పక్కకు తప్పుకోగానే ఆఫీసు గేటు దాటేవారు.

"మరి ఏడనన్న చెట్టు కింద ఆపుకొని కూసోరాదు?" అన్నాను.

"ఆగితే మళ్ళీ బయలుదేరినట్టేగా! ఆ బయలుదేరడం రాహుకాలంలో పడుతుంది. శాస్త్రం రాసినవాళ్ళు అంత అమాయకులంటారా?"

అంటే ఆయన కారు ఆగకూడదు, పోకూడదు. ఈ రెంటికీ మధ్య ఉన్న వేగాన్ని భూమ్మీద కనిపెట్టిన మొదటి మనిషి ఆయనే అయి ఉంటారు.

నారాయణగూడ చౌరస్తాలో కానిస్టేబుల్ ఈదయ్య. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. భార్య బీరమ్మ, ఇద్దరు ఆడపిల్లలతో చిక్కడపల్లిలో ఒంటిగది ఇంట్లో ఉండేవాడు. పిల్లలిద్దరూ నారాయణగూడలో బడికి పోయేవారు. పెద్దది తరగతిలో ఫస్టు వచ్చిందని ఎర్రలైటులాగా దారిన పోయేవాళ్ళందర్నీ ఆపి చెప్పాడు. అతని కోరిక ఒకటే, పిల్లల చదువయ్యేదాకా తనను ఆ చౌరస్తా నుంచి కదపకూడదు. దానికి అడ్డంగా శనివారం శనివారం వచ్చేది ల్యాండ్‌మాస్టర్. ఈదయ్య చెయ్యి ఎత్తేవాడు. దక్షిణామూర్తిగారు చిరునవ్వుతో దండం పెట్టి, చీమ పాకినట్టు పాకుతూనే ఉండేవారు.

ఒక శనివారం ఈదయ్యకు కడుపు మండింది. తొమ్మిదీ యాభై అయిదుకు కారుకు అడ్డంగా నిలబడి, రెండు చేతులూ బానెట్ మీద పెట్టాడు. కారు ఆగిపోయింది. నాలుగు బండ్ల వెనక నేను కళ్ళారా చూశాను.

దక్షిణామూర్తిగారి మొహం పాలిపోయింది. "అయ్యయ్యో, ఆపేశావా! ఇంకా ముప్ఫై అయిదు నిమిషాలుందయ్యా!" అని ఇంజను కట్టేసి, అద్దం పైకెత్తుకుని, కళ్ళు మూసుకుని స్తోత్రం అందుకున్నారు.

నాలుగు రోడ్లూ బిగుసుకుపోయాయి. బస్సుల్లో జనం దిగి నడిచిపోయారు. ఒక ఎద్దుబండివాడు ఎద్దులను విప్పి నీళ్ళకు తోలుకుపోయాడు. సబిన్‌స్పెక్టరు మోటారు సైకిలు మీద హడావిడిగా వచ్చాడు.

"ఏంది తమాషా? రోడ్డు మధ్యల బండెందుకు ఆపిన్రు?"

"నేను ఆపలేదండీ. ఆపింది మీవాడు."

"ఇప్పుడు పొమ్మంటున్న గద, పోన్రి!"

"పదిన్నరకి వెళ్తాను."

నలుగురు కలిసి కారును పక్కకు తోయబోయారు. తోసినా బయలుదేరినట్టేనని ఆయన హ్యాండ్‌బ్రేకు లాగిపట్టుకున్నారు. సరిగ్గా పదిన్నరకు కళ్ళు తెరిచి, అందరికీ దండం పెట్టి, వెళ్ళిపోయారు.

కేసు రాద్దామంటే దారి లేదు. అడ్డం పెట్టాడని రాయాలంటే ఆపింది పోలీసే. జోరుగా పోయినవాణ్ణి ఎలా పట్టుకోవాలో సబిన్‌స్పెక్టరుకు కంఠతా వచ్చు గానీ, మెల్లగా పోయినవాణ్ణి ఏం చెయ్యాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ కోపమంతా ఈదయ్య మీదికి తిరిగింది.

"ఈ నెలాఖర్లోపట ఆ కారు మీద ఒక కేసన్న రాయాలె. లేకుంటే నిన్ను ఆసిఫాబాద్ అడవులకు పంపిస్త, యాద్ పెట్టుకో!"

మర్నాడు ఆదివారం ఈదయ్య యూనిఫారం లేకుండా మా ఇంటికి వచ్చాడు. దక్షిణామూర్తిగారి వాటా ముందు అరుగు మీద కూర్చున్నాడు. ఆయన భార్య అన్నపూర్ణగారు కాఫీ తెచ్చి ఇచ్చారు. నేను మెట్ల మీద నిలబడి విన్నాను. వినకుండా ఉండేంత మంచితనం నాకు లేదు.

"ఒక్క కేసు ఒప్పుకోన్రి సార్. లైటు లేదనో, హారన్ పనిచేస్తలేదనో రాసుకుంట. జుర్మానా నేనే కడత. పిల్లల చదువు ఆగమైతది సార్. అడివిల యేం బళ్ళుంటయ్?"

"నా హారను బ్రహ్మాండంగా పనిచేస్తుందయ్యా," అన్నారు దక్షిణామూర్తిగారు నొచ్చుకుంటూ. "ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఒక్క రిమార్కు లేదు. రెండేళ్ళలో రిటైరవుతాను. ఇప్పుడు పోలీసు కేసా? పైగా అబద్ధపు కేసు! అది నీకూ దోషం, నాకూ దోషం. నీ జన్మనక్షత్రం ఏమిటి చెప్పు."

ఈదయ్యకు తెలియదు. పుట్టింది బోనాల పండుగ ముందు అని మాత్రం చెప్పాడు. దాంతోనే ఆయన వేళ్ళు లెక్కపెట్టి, ఈ ఏడు నీకు స్థానచలనం లేదు పొమ్మన్నారు. ఈదయ్య ఖాళీ గ్లాసు అరుగు మీద పెట్టి పోయాడు. అతను గేటు దాటగానే అన్నపూర్ణగారు, "ఒప్పుకుంటే మీ సొమ్మేం పోయిందండీ?" అన్నారు. నాకూ అదే అనాలనిపించింది. నేను ఇంటి యజమానిని, అనవచ్చు. అనలేదు.

ఆ నెల చివరి శనివారం పొద్దున అన్నపూర్ణగారికి కడుపునొప్పి వచ్చింది. వాము తిన్నారు, వేడినీళ్ళు తాగారు. ఆమె కోసం ఆయన ఆఫీసు ప్రయాణం ఆపుకున్నారు. తొమ్మిదింబావు అయ్యేసరికి ఆమె నేలమీద చుట్టుకుపోయి ఉన్నారు. కేకలు విని నేను దిగి వచ్చాను.

దక్షిణామూర్తిగారు గడియారం చూశారు. గోడకు వేలాడే పంచాంగం చూశారు. ఆమె అది గమనించారు. ఆ నొప్పిలోనే, "పదిన్నర దాకా ఆగలేనేమోనండీ," అన్నారు, ఆలస్యమవుతున్నందుకు తనదే తప్పన్నట్టు.

 ఆ తర్వాత ఆయన మరి దేనివైపూ చూడలేదు. ఆమెను ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి, నన్ను తన పక్కన కూర్చోమని, రాహుకాలంలోనే కారు తీశారు.

అలాంటి సవారీ నేను మళ్ళీ చెయ్యలేదు. చిక్కడపల్లి కుడి వరసలో ముల్లు ముప్ఫై అయిదు మైళ్ళ మీద ఉంది. ఇన్నేళ్ళూ ఆయన వెనక నలిగిన బస్సులను ఒక్కొక్కటే దాటేశారు. ఒక పిల్లి కూడా అడ్డం వచ్చింది, బతికిపోయింది. నారాయణగూడ చౌరస్తాలో ఈదయ్య ఆ కారును చూసి ముందు నమ్మలేదు. తర్వాత అతని చెయ్యి జేబులోని కేసుల పుస్తకం మీదికి పోయింది. నెలాఖరుకు మూడు రోజులే ఉన్నాయి. కోరుకున్న కేసు, అసలు సిసలు కేసు, హారన్ కొట్టుకుంటూ ఎదురొస్తోంది. అంతలో వెనక సీట్లో మనిషి కనిపించింది. అతను పుస్తకం వదిలేసి, రోడ్డు మధ్యకు దూకి, నాలుగు దిక్కులా బండ్లను ఆపేసి, "పోన్రి సార్, పోన్రి!" అని అరిచాడు. మేము గాలిలా దాటిపోయాం.

ఆసుపత్రిలో వెంటనే ఆపరేషన్ చేశారు. అపెండిక్స్ వాచిందని, ఇది వాము తింటే తగ్గే రకం కాదని డాక్టరు హాస్యమాడాడు. ఇంకో గంట ఆలస్యమైతే అది పగిలేదని మాత్రం నవ్వకుండా చెప్పాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో దక్షిణామూర్తిగారు బెంచీ మీద కూర్చున్నారు. "వాడు నాకోసం రోడ్డంతా ఆపాడండీ. నేను వాడికోసం ఒక్క సంతకం పెట్టలేదు," అన్నారు.

ఋణం తీర్చుకోవాలనుకున్నారు. అక్కడే కొంప మునిగింది. వేరేవాళ్ళయితే ఏం చేసేవారో నాకు తెలుసు. చౌరస్తాకు పోయి, "రాసుకో తమ్మీ" అనేవారు. దక్షిణామూర్తిగారు ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళ మధ్య బతికిన మనిషి. ప్రపంచంలో ఏ కష్టమైనా సరైన ఆఫీసరుకు సరైన కాగితం పెడితే తీరుతుందని ఆయన నమ్మకం. పంచాంగం కంటే ఆ నమ్మకమే ఆయనకు గట్టిది.

ఆదివారమంతా కూర్చుని నాలుగు పేజీల ఇంగ్లీషు అర్జీ తయారుచేశారు. ఫలానా తేదీన, ఉదయం తొమ్మిదీ ఇరవై రెండు నిమిషాలకు, నారాయణగూడ చౌరస్తాలో, విధి నిర్వహణలో ఉన్న కానిస్టేబుల్ ఈదయ్య కళ్ళెదుటే, నేను మితిమీరిన వేగంతో కారు నడిపితిని. అత్యవసరమును గుర్తించి అతడు మానవత్వముతో నన్ను పోనిచ్చెను. కనుక నాపై కేసు నమోదు చేసి, అది అతని కృషిగా పరిగణించి, అతనిని ప్రస్తుత స్థానముననే కొనసాగింప ప్రార్థన. నాకు చదవమని ఇచ్చారు. నేను చదివి, చాలా బాగుందన్నాను. రెండు కామాలు కూడా సరిచేశాను. సోమవారం రాహుకాలం వెళ్ళాక పోలీసు పెద్దాఫీసుకు రిజిస్టరు పోస్టులో వెళ్ళింది.

మరునాడే ఆ సబిన్‌స్పెక్టరుకు వరంగల్ బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయనకు ల్యాండ్‌మాస్టర్ సంగతి గానీ ఆసిఫాబాద్ బెదిరింపు గానీ తెలియవు. నెలాఖరు వచ్చింది, పోయింది. ఈదయ్యను ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఒక్క కాగితం పోస్టులో తప్పిపోయి ఉంటే కథ అక్కడితో సుఖంగా ముగిసేది. మన తపాలా శాఖ ఆ ఒక్కసారి తన పని సరిగ్గా చేసింది.

ఆరు వారాలకు దక్షిణామూర్తిగారికి సర్కారు ముద్రతో జవాబు వచ్చింది. అర్జీలో ఇంత స్పష్టంగా తేదీ, వేళ, కానిస్టేబుల్ పేరు రాసినవాళ్ళు అరుదు కాబోలు, చాలా మర్యాదగా రాశారు. 'కానిస్టేబుల్ ఈదయ్య తన ఎదుట జరిగిన నేరమును చూచియు వదలివేసినట్లు మీరు చేసిన ఫిర్యాదు విచారణలో రుజువైనది. అతనిపై తగిన చర్య తీసుకొనబడినది. బాధ్యత గల పౌరునిగా మీరు చూపిన శ్రద్ధకు ఈ శాఖ కృతజ్ఞతలు తెలుపుచున్నది.' ఆయన మీద మాత్రం కేసు లేదు. నిజాయితీగా ఒప్పుకున్నవారిని ఎవరు శిక్షిస్తారు?

ఆయన ఉత్తరాన్ని మూడుసార్లు చదివారు. తర్వాత చొక్కా జేబులో పెట్టుకుని, "పదండి, వాడికి నిజం చెప్పేస్తాను," అన్నారు. అప్పుడు మంచి వేళో కాదో చూసుకోలేదు. కారు కూడా తియ్యలేదు. ఇద్దరం చిక్కడపల్లికి నడిచి వెళ్ళాం.

ఈదయ్య ఇంటి ముందు ఒంటెద్దు బండి నిలబడి ఉంది. బీరమ్మ బిందెలు అందిస్తోంది. పెద్దపిల్ల బడి పుస్తకాల మూటను ఒళ్ళో పెట్టుకుని బండి మీద కూర్చుని, ఎవరివైపూ చూడడం లేదు. మమ్మల్ని చూసి ఈదయ్య తాడు కట్టడం ఆపి వచ్చాడు.

"దండాలు సార్. అమ్మకు ఎట్లున్నది?"

"బాగుంది. ఈదయ్యా..."

"గది చాలు సార్." అతను గొంతు తగ్గించాడు. "ఆసిఫాబాద్ ఏసిన్రు. మీ కారును వదిలిపెట్టిన్నని ఎవడో సూసి పైకి రాసిండట. ఎంక్వైరీల ఎవరి బండని అడిగిన్రు. నెంబరు సూడలేదని చెప్పిన. మీ నౌకరి మీద మచ్చ పడొద్దని. అబద్ధం చెప్పినవని ఇంక్రిమెంటు గూడ కోసిన్రు. పోనీ తియ్యి." అతను ఒకసారి బండి మీద పిల్లవైపు చూశాడు. "నేను వానికి ఏం పాపం జేసిన సార్? మీకు పెద్దాఫీసులల్ల ఎరికైనోళ్ళుంటరు గద. ఎవడు రాసిండో జర కనుక్కోన్రి."

దక్షిణామూర్తిగారు జేబు మీద చెయ్యి పెట్టుకున్నారు. పెదవులు రెండుసార్లు కదిలాయి. చివరికి, "కనుక్కుంటానయ్యా," అన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నేనూ నోరు విప్పలేదు.