చెవిమేస్త్రి దాచిన చప్పుడు

నీళ్ల ఆఫీసులో అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ చెవిమేస్త్రి. పని కూడా అలాంటిదే. నీళ్లు వదిలే వేళకు ఇనుప కడ్డీ ఒక కొన రోడ్డు మీద ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని, భూమిలో పైపు ఎక్కడ కారుతోందో చెప్పాలి. ఇరవై ఆరేళ్లలో అతను చెప్పిన చోట తవ్వితే గురి తప్పింది లేదు. ఇంట్లో మాత్రం మూడుసార్లు పిలిస్తే గానీ పలకడు. ఈయనకు పైపులే వినపడతాయి, పెళ్లాం వినపడదని భార్య వీధంతా చెప్పుకునేది.

అంతటి చెవి ఒక్కచోట చెవిటిదైపోయింది. వాగు గట్టున అతని అక్క ఉండే సందుకు కుళాయి లేదు. అర్జీలు పెట్టి పెట్టి ఆమె చెప్పులరిగాయి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. సందు మొదట్లో పెద్ద పైపు అతుకు దగ్గర కారేది. కింద గుంటలో చెంబులు ముంచుకుని నలభై ఇళ్లవాళ్లు తాగేవాళ్లు. చెవిమేస్త్రి అక్కడికొచ్చేసరికి కడ్డీ భుజాన వేసుకుని నడిచిపోయేవాడు. తొమ్మిదేళ్లు అలాగే నడిచాడు. తోడబుట్టినది తాగే నీళ్లు నేనెలా మూయించను అనుకునేవాడు. మంచి మనసే, కాదన్నదెవరు?

నీళ్లు కట్టేసిన వేళ ఖాళీ పైపు, కారే చోటు నుంచే బయటి మురికిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ సంగతి అతనికి తెలియక కాదు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు, ఇప్పుడేమవుతుందిలే అని సరిపెట్టుకున్నాడు. ఆ వానాకాలం వాగు పొంగి, మురుగంతా గుంటలో చేరింది. ఆ పైపు నీళ్లే తాగే దిగువ వీధిలో ఇంటికిద్దరు మంచం పట్టారు. నాలుగో రోజున దర్జీ కూతురు, ఆరేళ్ల పిల్ల, పోయింది.

ఆ మధ్యాహ్నమే చెవిమేస్త్రి ఎవరూ అడగకుండా వెళ్లి అతుకు చూపించాడు. సాయంత్రానికి పైపు బిగించి, గుంట పూడ్చి, పైన సిమెంటు వేశారు. ఒక్క పూటలో పట్టేశాడని పెద్ద ఇంజినీరు అందరి ముందు భుజం తట్టాడు. ఉన్నది చెప్పేద్దామని అతను నోరు తెరిచాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే మూసుకున్నాడు. ఛీ, ఏం బతుకు!

వారం తర్వాత అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె మైలు దూరం నుంచి బిందె మోసుకొచ్చి, గుమ్మంలో దించి, నడుం పట్టుకుని కూర్చుంది. గుంట పూడ్పించావని తిడుతుందనుకున్నాడు. బిందెలోంచి చెంబు ముంచి ముందు అతనికే ఇచ్చింది. అది భరించలేక తనే మొదలుపెట్టాడు.

"ఆ అతుకులోంచి మురికి కలుస్తుందక్కా. ఎప్పటి నుంచో తెలుసు నాకు. నీకు నీళ్లుండవని ఊరుకున్నాను."

అక్క అతని ముఖంలోకి చూసింది.

"మూడేళ్ల కిందట నా మనవడు వాంతులై పోయినప్పుడు, వాడి ఆయుష్షు అంతే అని ఓదార్చావు. అప్పుడూ తెలుసా?"

తెలుసు. ఆ మాట అతను అననక్కర్లేకపోయింది, అక్క లేచి లోపలికెళ్లి తలుపు వేసుకుంది.