పెద్దబాపు ఒత్తించిన బటన్లు

పోయిన మంగళవారం పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే పక్కింట్లోంచి పెద్దమ్మ కేక వినిపించింది. నేను పరుగెత్తేసరికే పెద్దబాపు కన్నుమూశాడు. ఆ ఆలుమగలతో మాకు చుట్టరికమేమీ లేదు, పిలుపులే. బతకడానికొచ్చిన ఈ గుజరాత్‌లో, పర్వత్ పాటియా బస్తీలో మా రెండిళ్ళకూ ఒకటే గోడ, అంతే. అయినా నేనివాళ కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆయన చలవే. ఏడుస్తూ రాద్దామని కూర్చున్నాను గానీ, ఆయన్ని తలుచుకుంటే నాకు హుషారే వస్తోంది. ఏం చేయను?

ఆయన మరమగ్గాలు బాగుచేసే మేస్త్రీ. ఇంగ్లిషు ముక్క రాదు. కొత్త వస్తువు కనిపిస్తే మాత్రం ఆగలేడు. ఇంటికి మిక్సీ వచ్చినా, గల్లీలోకి కొత్త ఆటో వచ్చినా ముందు “కేమ్ ఛో?” అని దాన్ని గుజరాతీలో పలకరించేవాడు. తర్వాత చుట్టూ తిరిగి చూసేవాడు.

కొన్నేళ్ళ కిందట నాకు చీరల మార్కెట్లో టైపింగ్ ఉద్యోగానికి పరీక్ష. అరగంటలో ఒక ఉత్తరం, ఒక పట్టిక కొట్టివ్వాలి. నాన్నకు పని పోయింది. ఈ ఉద్యోగం రాకపోతే నేనూ అమ్మ పక్కన చీరలకు రాళ్ళంటిస్తూ కూర్చోవాల్సిందే. పరీక్ష టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో అన్నారని రెండు రోజుల ముందు ఇంట్లో పాత కంప్యూటర్‌లో అదే ఎక్కించుకుని తెరిచాను. నేను కంఠతా పెట్టిన మెనూలన్నీ మాయం! పైన ఒక వెడల్పాటి పట్టీ, దాన్నిండా బొమ్మలు. ఏడుపు ఆగలేదు.

“ఏమైంది బిడ్డా?” అంటూ పెద్దబాపు టీ గ్లాసుతోనే వచ్చేశాడు.

“అంతా మార్చేసిన్రు పెద్దబాపూ. పట్టిక ఏడుందో దొరుకుతలేదు.”

“మార్చిన్రా?” ఆయన కళ్ళు వెలిగిపోయాయి. “జర జరుగు, చూడనియ్యి! ఊరు మారితే దారి అడుగుతం గని, దారిని తిడ్తమా?”

మావాళ్ళు మరమగ్గాన్ని సాంచె అంటారు. “కొత్త సాంచె వస్తె నూలెక్కియ్యకుండ ఉత్తగ నడిపి చూస్తం. తెగనీకి దారమే లేకపాయె, ఇగ భయమేంది? ఖాళీ కాయిదం తియ్. ఒక్కొక్కటే ఒత్తు,” అన్నాడు.

ఆయన చూపించడం, నేను నొక్కడం. నేను పాత పేర్లు వెతుకుతున్నాను. ఆయనకు ఆ పేర్లే తెలియవు, అందుకే బొమ్మలు చక్కగా కనిపించాయి. “గా సున్నమేసే బ్రష్షు?” నొక్కాను. “గీ వంకర బాణం?” నొక్కితే చేసిన తప్పు వెనక్కి పోయింది. “ఇది దొరికినంక నిన్ను ఆపెటోడెవడే!” అని తొడ చరిచాడు. ఇంకో వరస తెరిచాం. “గా గళ్ళ లుంగి లెక్కున్నది ఒత్తు.”

పట్టిక! మేమిద్దరం అరిచిన అరుపుకి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది.

పరీక్షలో తడుముకోకుండా గళ్ళ లుంగీ నొక్కాను. ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ ఆ పట్టీ మారినప్పుడల్లా ఆఫీసులో అందరూ తిట్టుకుంటారు. నేను మాత్రం ఖాళీ పేజీ తెరిచి, ఎవరికీ వినపడకుండా “కేమ్ ఛో?” అంటాను.

నిన్న పెద్దమ్మ మా ఇంటికొచ్చి, దశదినకర్మకు కార్డు కొట్టిపెట్టమంది. చుట్టూ నల్లగీత పెట్టబోయి ఏదో నొక్కాను. ఎర్రటి ఆపిల్ పండ్ల వరస వచ్చిపడింది. చావు కార్డుకు ఆపిల్ పండ్లు! సిగ్గుతో చచ్చిపోయి తీసేయబోతుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఆగు బిడ్డా. పక్కదేందో గది గూడ ఒత్తు.”

నొక్కాను. కేకు ముక్కలు. ఇంకోటి నొక్కాను. గొడుగులు. వారం రోజులుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని మనిషి కుర్చీ దగ్గరికి జరుపుకుని, తెర మీద వేలు పెట్టి, “మరి గిది?” అంటోంది.