సార్జెంట్ అడిగే ఒక్క ప్రశ్న

కుట్టుమిషన్‌లో నూనె వేస్తుంటే ఆ వాసనకి చేయి ఆగిపోయింది. మా అమ్మాయి మేఘన బ్యాడ్మింటన్ కిట్ సంచీ పట్టీ తెగింది. శనివారం షార్లెట్‌లో టోర్నమెంటు ఉంది, ఈలోగా కుట్టిపెట్టమంది. ఏడాదిగా మూలనపడ్డ మిషన్ కదా, నాలుగు చుక్కలు వేద్దామని సీసా మూత తీశాను. అంతే, మా ఆఫీసు సార్జెంట్ క్లైడ్ వెనక గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వస్తున్నట్టే అనిపించింది. ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక ఆయన తన పిస్తోలు విప్పి, ఇలాంటి నూనెతోనే శుభ్రం చేసుకునేవారు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఉన్నట్టుండి కళ్ళు నీళ్ళతో నిండాయి.

గ్రీన్‌కార్డు వచ్చిన ఏడాది నాకు షెరీఫ్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. మేం ఇల్లు కొనుక్కున్నది మోరిస్‌విల్ ఊరు దాటాక పక్క కౌంటీలో, అంటే పక్క జిల్లాలో. అక్కడ పోలీసులందరికీ పెద్ద, జనం ఓట్లేసి ఎన్నుకున్న షెరీఫ్. ఆ రోజుల్లో నార్త్ కరోలినాలో ఎవరైనా చేతి తుపాకి కొనుక్కోవాలంటే ముందు షెరీఫ్ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. మా ఆఫీసులో దరఖాస్తుతో పాటు, ఇతను మంచివాడేనని తెలిసినవాళ్ళిద్దరు సంతకాలు పెట్టిన కాగితం కూడా జతచేయాలి. ఆ కాగితాలు తీసుకుని ఫైలు కట్టడం నా పని. అప్పటిదాకా తుపాకి అంటే సినిమాలో చూడటమే. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే నువ్వు అక్కడేం చేస్తావని మా ఆయన వారం రోజులు ఆటపట్టించారు.

పర్మిట్ల బల్ల సార్జెంట్ క్లైడ్‌ది. ఆరడుగుల మనిషి, తెల్ల మీసాలు, జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లు. ఇంట్లో వేట తుపాకులు పదకొండున్నాయని గర్వంగా చెప్పేవారు. వాటి బీరువా తాళంచెవి మాత్రం నడుమునుంచి దిగేది కాదు. చేరిన కొత్తలో ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"ఇంతమందికి తుపాకులెందుకు సార్జెంట్? అందరికీ లేదంటే సరిపోదా?"

ఆయనకి కోపం రాలేదు. "మిస్ పద్మా, హక్కు వాళ్ళది. నేనిచ్చింది కాదు, నేను లాక్కునేదీ కాదు. కానీ కింద మా షెరీఫ్ సంతకం ఉంటుంది. సంతకానికి ముందు నాలుగు మాటలు కనుక్కోవడం నా డ్యూటీ."

ఎన్నికలొస్తే షెరీఫ్ మైకు పట్టుకుని, నేనున్నంతవరకు మీ తుపాకుల జోలికి ఎవరూ రారని చెప్పేవారు. జనంతోపాటు సార్జెంటూ గట్టిగా చప్పట్లు కొట్టేవారు. కొట్టి, తిరిగొచ్చి, ఫోన్ అందుకునేవారు. సంతకం పెట్టిన ప్రతి మనిషికీ ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగేవారు: "తుపాకి వచ్చాక, ఆ ఇంట్లో మీ పిల్లల్ని ఒక రాత్రి పడుకోబెడతారా?" చాలామంది వెంటనే అవుననేవారు. ఒక్కోసారి అవతలివైపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని ఆయన ఓపిగ్గా వినేవారు. కంప్యూటర్‌లో కేసులేమీ లేవని వచ్చాక ఇంకా ఈ ఫోన్లెందుకని షెరీఫ్ కింది కుర్ర పోలీసులు నవ్వేవారు. "కంప్యూటర్‌కి ఇరుగుపొరుగు ఉండరు నాయనా" అనేవారు ఆయన.

ఒకరోజు నల్లజాతి పెద్దాయన ఒకరు, స్కూల్ బస్సు నడిపి రిటైరైనవారు, దరఖాస్తు తెచ్చారు. కాగితం నా చేతికి ఇవ్వకుండా బల్లమీదే అదిమిపట్టుకుని, "మా నాన్నని ఈ బల్ల దగ్గర్నుంచే మూడుసార్లు వెనక్కి పంపారు. గుణం బాగాలేదని రాశారు, అసలు సంగతి ఒంటి రంగు. చర్చిలో పాటలు పాడే మనిషి" అన్నారు. సార్జెంట్ లేచి నిలబడ్డారు. అప్పటికి తానింకా ఉద్యోగంలో చేరలేదని చెప్పుకోవచ్చు, చెప్పుకోలేదు. "తప్పు జరిగింది సర్" అన్నారు. పెద్దాయన దరఖాస్తు ఇచ్చి వెళ్ళాక, దాన్ని నా చేతికందిస్తూ సార్జెంట్, "ఈ బల్లకి ఇంత అధికారం ఉండటం నాకు భయమే మిస్ పద్మా. అందుకే నాకు నచ్చలేదని ఎవర్నీ ఆపను. ఆ మనిషిని ఎరిగినవాళ్ళు వద్దంటేనే ఆపుతాను" అన్నారు. ఆయన ఫోన్లు చాదస్తం కాదని నాకు ఆ రోజు అర్థమైంది.

అర్థమై కూడా నేను చేసిన పని చూడండి. శ్రీధర్ మా వీధి చివర ఉండేవాడు. వాళ్ళ పాప, మేఘన ఒకే క్లాసు. ఆ వేసవిలో భార్య కవిత గొడవపడి, పాపని తీసుకుని టెక్సస్‌లో అన్నగారింటికి వెళ్ళిపోయింది. ఒక ఆదివారం శ్రీధర్ తుపాకి పర్మిట్ కాగితం పట్టుకుని వచ్చాడు.

"అక్కా, జర ఒక్క సంతకం పెట్టవా? మన కాలనీల రెండు బ్రేకిన్స్ అయినయ్, దొంగలు పడ్డరు. సేఫ్టీ కోసమే. రెండు నిమిషాల పని."

మనవాళ్ళలో సంతకం అడిగితే కాదనడం ఎక్కడుంది? స్కూల్ ఫారాలకీ, వీసా కాగితాలకీ ఒకరికొకరం చదవకుండానే పెట్టేస్తాం. లేదంటే ఏమనుకుంటాడోనని మొహమాటం. పొయ్యిమీద పోపు మాడిపోతోంది కూడా. పెట్టేశాను. వెళ్తూ వెళ్తూ తన ఖరీదైన రాకెట్ మేఘన చేతిలో పెట్టి, "ఇంక నాకెందుకురా, నువ్వు ఆడుకో" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను.

బుధవారం నా బల్లమీద ఫోన్ మోగింది. ఎత్తి తలెత్తి చూస్తే, పది అడుగుల దూరంలో సార్జెంట్ రిసీవర్ చెవికి పెట్టుకుని ఉన్నారు. నావైపు చూడలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడారు.

"మీరు శ్రీధర్ గారికి సంతకం పెట్టారు. తుపాకి వచ్చాక, ఆ ఇంట్లో మీ పాపని ఒక రాత్రి పడుకోబెడతారా?"

అవునందామని నోరు తెరిచాను. రాకెట్ ఇస్తూ శ్రీధర్ అన్న 'ఇంక నాకెందుకురా' చెవిలో మోగింది. నెలరోజులుగా గడ్డం గీసుకోని మొహం, కుండీల్లో ఎండిపోయిన అతని కరివేపాకు మొక్కలు, అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. వారాలుగా రోజూ చూస్తూనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"పడుకోబెట్టను" అన్నాను. ఎందుకో కూడా చెప్పాను.

ఆయన ఫోన్ పెట్టేసి నా దగ్గరికి వచ్చారు. "పర్మిట్ తేల్చడానికి చట్టం ఇచ్చిన గడువుంది, అందాకా కాగితాన్ని నేను ఆపుతాను. మనిషిని ఆపడం నావల్ల కాదు. బ్యాగ్ తీసుకుని ఇప్పుడే వెళ్ళండి. మాట తిప్పకండి, సూటిగా అడగండి."

మిట్టమధ్యాహ్నం శ్రీధర్ తలుపు కొట్టాను. సంతకం వెనక్కి తీసుకున్నానని గుమ్మంలోనే చెప్పేశాను.

"నా ఇజ్జత్ తీసినవ్ అక్కా! మీ ఆఫీస్‌ల అందరి ముందల నేను పిచ్చోన్నయ్యిన!" అని అరిచాడు.

"శ్రీధర్, చచ్చిపోదామనుకుంటున్నావా?"

అంత మాట నేను అంతకుముందు ఎవర్నీ అడిగి ఎరగను. అతను మెట్లమీద కూలబడ్డాడు. "పాప గొంతు విని పద్దెనిమిది రోజులైందక్కా" అన్నాడు చిన్నపిల్లాడిలా ఏడుస్తూ. సాయంత్రం మా ఆయన వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను. ముగ్గురం కలిసే డాక్టర్ దగ్గరికి వెళ్ళాం.

శ్రీధర్ బతికాడు. కానీ నాతో మాటలు మానేశాడు. ఏడాది తిరిగేసరికి కవిత, పాప వచ్చేశారు, ముగ్గురూ షార్లెట్ వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు కూడా చెప్పలేదు. తన ఇంటి విషయం ఆఫీసులో బయటపెట్టి పరువు తీశానని నలుగురిలో అన్నాడట. బాధపడి సార్జెంట్‌కి చెబితే, ఒక పిప్పరమెంటు నా ముందు పెట్టి, "మిమ్మల్ని తిట్టుకోవడానికి మనిషి ఉన్నాడు కదా" అన్నారు.

ఇప్పటికీ ఎవరైనా కాగితం చాపి ఒక్క సంతకం అంటే, ఆ ప్రశ్న నన్ను నేను వేసుకుంటాను. తుపాకి కాగితమే కానక్కర్లేదు. నావాళ్ళు నన్ను కాస్త మొండిమనిషినే అంటారు. అననీ.

పోయిన వారం ఫోన్ మోగింది. నాలుగేళ్ళ తర్వాత వింటున్న గొంతు.

"అక్కా, మేఘన టోర్నమెంట్‌కి వస్తున్నదట గదా. హోటల్ ఎందుకు? ఆ రాత్రి మా ఇంట్ల పండుకుంటది. పంపిస్తవా?"

అడుగుతున్నది శ్రీధరే అయినా, నాకు వినిపించింది రెండు గొంతులు, రెండోది సార్జెంట్‌ది. ఈసారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పంపిస్తాను" అన్నాను.

పట్టీ గట్టిగా రెండు వరసలు కుట్టాను. కిట్‌లో అన్నిటికంటే పైన శ్రీధర్ రాకెట్ పెట్టాను, తిరిగి ఇచ్చేసి రమ్మని. అది ఇక అతనికి కావాలి.