దశరథ మళ్ళీ తెచ్చుకున్న పసుపు బండి

సమ్మె మొదలయ్యాక ఆ గల్లీలో అందరికంటే ఎక్కువ అవస్థ పడ్డవి దశరథ చేతులు.

అతను ఆర్టీసీ డిపోలో మెకానిక్. నల్లగొండ పల్లె నుంచి మీసాలు రాని వయసులో వచ్చి, బస్సుల కింద పడుకునీ లేచీ మనిషైనవాడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె అనగానే బస్సులన్నీ డిపోలో వరసగా నిలబడిపోయాయి. పొద్దున గేటు ముందు టెంటులో కూర్చుని జై తెలంగాణ అని రావడం, మధ్యాహ్నం నుంచి కర్మన్‌ఘాట్‌లోని కిరాయి ఇంట్లో గోళ్ళు గిల్లుకోవడం. ఎన్నాళ్ళని గిల్లుకుంటాడు? ఫ్యాను విప్పి బిగించాడు. కుక్కరు పిడి ఊడదీసి మళ్ళీ పెట్టాడు. పక్కింటి కిష్టమ్మ కుట్టుమిషనుకు ఏ జబ్బూ లేకపోయినా దాన్నీ విప్పాడు.

"ఇగ నన్ను గూడ విప్పి నూనె పోస్తవా ఏంది," అంది అతని భార్య సైదమ్మ.

ఆమె నవ్వుతూనే అంది. దశరథ చూపు మాత్రం ఆమె కుడిచేతి మీదికి పోయింది. ఆ చెయ్యి భుజం దాకా లేవదు. పై అరలో డబ్బా కావాలంటే అతన్నే పిలుస్తుంది. జడ వేసుకోవాలంటే తల బాగా వంచుకుంటుంది. వాళ్ళ వాకిట్లో బట్టలారేసే తీగ కూడా ఛాతీ ఎత్తులోనే ఉంటుంది, కొత్తవాళ్ళెవరైనా వస్తే వంగి రావాలి.

ఆ చెయ్యి అలా కావడం వెనక ఒక బండి కథ ఉంది.

ఏడేళ్ళ కిందట దశరథ కరిజ్మా మోటారుసైకిలు కొన్నాడు. పసుపుపచ్చ రంగు, ముందర గాలిని చీల్చే మూతి, దూరాలకు పోయే బండి. బస్సు మెకానిక్కు ఇంత బండి ఎందుకని గల్లీలో అడగనివాళ్ళు లేరు. ఎందుకంటే అతనికి ఒక కోరిక ఉండేది. తను బాగుచేసిన బస్సులు పోయే రోడ్లన్నీ తనూ చూడాలని. చూశాడు కూడా. సాగర్, శ్రీశైలం, భద్రాచలం. వెనక సీటు మీద ఒక పక్కకు కూర్చుని సైదమ్మ. ఆమెకూ ఆ తిరుగుడు ఇష్టమే. రోడ్డు పక్కన ఎక్కడ ఏం అమ్ముతున్నా దిగి రుచి చూడందే కదలనిచ్చేది కాదు.

కొన్న కొత్తలోనే దశరథ ఒక పని చేశాడు. వెనక చక్రానికి ఎడమపక్కన ఇనుప జాలీ ఒకటి ఉంటుంది. వెనక కూర్చున్న ఆడవాళ్ళ చీరలు చక్రంలో పడకుండా పెట్టేది. శారీ గార్డు అంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో టీ కొట్టు దగ్గర ఎవరో పిల్లలు, "అన్నా, గుర్రానికి గంప కట్టినట్టున్నది," అన్నారు. ఆ ఒక్క మాటకు ఇంటికొచ్చి దాన్ని విప్పి అవతల పడేశాడు. అక్కడున్న బళ్ళు వేటికీ గార్డు లేదు మరి.

మూడేళ్ళు ఏమీ కాలేదు. ఒక సాయంత్రం సాగర్ నుంచి వస్తుంటే ఇబ్రహీంపట్నం దాటాక వెనక సీటు ఉన్నట్టుండి తేలికైంది. వెనక్కి తిరిగి చూస్తే సైదమ్మ రోడ్డు మీద ఉంది. దవాఖానలో చుట్టాలంతా చేరి ఎట్ల పడ్డవని అడిగితే, "కండ్లు తిరిగినయ్," అంది. అందరూ ఆ మాటే నమ్మారు. దశరథ మాత్రం ఆ రోజే చక్రంలో ఇరుక్కున్న కొంగు ముక్కను బయటికి లాగి పారేశాడు, ఎవరికీ చెప్పలేదు. ఆమె అన్నది తనకు అనుకూలంగా ఉంది, అలాగే ఉండనిచ్చాడు. నెల తిరక్కుండా బండి అమ్మేసి మోపెడ్ కొన్నాడు. సైదమ్మ దాని మీదా ఎక్కలేదు. ఆ తర్వాత ఆమె ఎక్కడికి పోయినా బస్సే. మొగుడు పనిచేసే బస్సు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు ఆ బస్సు ఆగిపోయింది.

ఆమెకు గురువారం దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి పోవడం అలవాటు. సమ్మెలో కూడా మానలేదు, నడిచి పోయింది. ఎండలో తిరిగొచ్చి, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని గడప మీద కూలబడింది.

"మోపెడ్ మీద దింపుతనంటే ఇనవైతివి," అన్నాడు దశరథ.

"నడిస్తె పుణ్యం ఎక్కువొస్తదట."

"ఎవలు చెప్పిండ్రు?"

"చెప్పు తెగినోళ్ళు," అని నవ్వి లోపలికి పోయింది.

దశరథకు ఆ నవ్వు గుచ్చుకుంది. ఆమె మళ్ళీ తన వెనక కూర్చోవాలి. అంతే, అతనికి ఇంకేమీ అక్కర్లేదు. అయితే అతనిది మెకానిక్ బుర్ర. చప్పుడు ఎక్కడ వస్తుందో అక్కడే విప్పాలి, ఇంకోచోట విప్పితే చప్పుడు పోదు. ఏ బండి మీది నుంచి పడిందో ఆ బండి మీదే కూర్చోవాలి అనుకున్నాడు. కొత్తపేటలో త్రినాథరావు ఇంటికి పోయాడు.

త్రినాథరావు భీమవరం మనిషి, కొత్తపేటలో జిరాక్సు షాపు నడుపుతారు. నడివయసులో ముచ్చటపడి దశరథ దగ్గర ఆ కరిజ్మా కొన్నారు. రెండుసార్లు ఊరికి పోయేసరికి నడుం పట్టేసింది. బండిని కారు షెడ్డులో పట్టా కప్పి పెట్టేశారు. దాని సీటు మీద పిల్లి ఈనింది.

"ఏమండీ దశరథ గారూ, రాష్ట్రంతో పాటు బళ్ళు కూడా పట్టుకుపోతారా మీరు?" అన్నారాయన, పట్టా తీస్తూ.

"మా బండే గద సార్. మాది మాకియ్యమంటున్నం," అన్నాడు దశరథ.

త్రినాథరావు పొట్ట కదిలేలా నవ్వారు. "ఉద్యమం మా షెడ్డు దాకా వచ్చేసిందే," అని లోపలికి కేకేసి టీ తెమ్మన్నారు. టీ తాగుతూనే మాట అయిపోయింది. ఆయనకు కూరగాయలకు పోవడానికి మోపెడ్ చాలు, దశరథకు మోపెడ్ ఉంది. ఇచ్చిపుచ్చుకున్నారు. పిల్లి పిల్లల్ని మాత్రం ఆయన భార్య అట్టపెట్టెలోకి మార్చేదాకా బండిని కదలనివ్వలేదు.

ఎల్బీనగర్‌లో రింగురోడ్డు పక్కన స్తెఫను షెడ్డు. స్తెఫను కూడా నల్లగొండవాడే, మిర్యాలగూడ దగ్గర. ఆదివారం చర్చి, మిగతా రోజులు గ్రీజు. బంద్ రోజుల్లో షట్టరు సగం దించి లోపల పనిచేసేవాడు. దశరథ బండి తోసుకొచ్చి నిలబెట్టి సుత్తి అందుకోగానే, "అన్నా, గిది బస్సు గాదు. సుత్తె అక్కడ పెట్టి దూరం జరుగు," అన్నాడు.

ఇక అక్కడి నుంచి దశరథ చేతులకు పండగ. ట్యాంకులో తుప్పు. పాత నట్లు గుప్పెడు వేసి, కిరోసిన్ పోసి, ఇద్దరూ చెరోపక్క పట్టుకుని బిడ్డను ఊపినట్టు ఊపారు. కార్బ్యురేటరు కడిగారు. ముందు ఫోర్కుల్లో నూనె కారుతుంటే సీళ్ళు మార్చారు. చెయిను, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ. పగిలిన ఇండికేటరుకు జోడీ కోసం పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజారంతా గాలించాడు దశరథ. పసుపు రంగు కొట్టించడానికి మాత్రం కరెంటు కావాలి, కరెంటేమో బొగ్గు గనుల సమ్మెతో చెప్పాపెట్టకుండా పోయేది. పెయింటరు గన్ను పట్టుకుని కూర్చుని, "తెలంగాణ ఒచ్చేదాక మీ బండికి రంగు రాదు," అనేవాడు.

చివరికి అన్నీ కుదిరాయి. బటన్ నొక్కితే మొదట దగ్గింది, తర్వాత ఉమ్మింది, ఆ తర్వాత ఆ పాత గొంతుతో పలికింది. స్తెఫను చుట్టూ తిరిగి చూశాడు. వెనక చక్రం దగ్గర ఆగాడు.

"వదిన కూసుంటదంటివి. గార్డు ఏదన్నా?"

"ఎందుకు, ఖరాబ్ కొడ్తది," అన్నాడు దశరథ, గుడ్డతో తుడిచిన ట్యాంకునే మళ్ళీ తుడుస్తూ.

అతనికి గుర్తురాక కాదు. ట్యాంకు విప్పిన రోజు నుంచీ గుర్తుకొస్తూనే ఉంది. గార్డు పెడితే ఇప్పుడెందుకు పెట్టావని సైదమ్మ అడుగుతుంది. అడిగితే చెప్పాలి. ఆమె కళ్ళు తిరిగి పడిందని నాలుగేళ్ళుగా ఊరందరినీ అనుకోనిచ్చి, ఇప్పుడు గార్డు బిగిస్తే ఏం బాగుంటుంది? అలా అనుకునే వదిలేశాడు.

కర్మన్‌ఘాట్ హనుమంతుడి దగ్గర పూజ చేయించాడు. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, బంతిపూల దండతో బండిని వాకిట్లోకి తెచ్చి నిలబెట్టాడు. కిష్టమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఓ యమ్మ, గా బండే గదనే సైదమ్మా! కొత్త పెండ్లికొడుకు లెక్కున్నది. మళ్ళ కండ్లు తిరుగుతయేమో, జర భద్రం."

సైదమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. మూతి చూసింది. మెరుస్తున్న ట్యాంకు చూసింది. దశరథ వెడల్పు చేయించిన వెనక సీటును అరచేత్తో నొక్కి చూసింది. అప్పుడు అతనికి ఊపిరాడింది. తర్వాత ఆమె ఎడమపక్కకు తిరిగి, వంగి, చక్రం వైపు చూసింది. చాలాసేపేమీ చూడలేదు.

"మంచిగున్నది," అని లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించుకుంది.

ఆ గురువారం కూడా ఆమె నడిచే పోయింది. కొత్త చెప్పులతో.

బండి వాకిట్లో నిగనిగలాడుతోంది. దశరథ దాని పక్కన అరుగు మీద కూర్చుని, ఆమె వచ్చేదాకా లేవలేదు. టెంటుకు కూడా పోలేదు. అక్కడి నుంచి ఎవరో ఫోను చేస్తే కడుపులో బాగాలేదన్నాడు. ఆమె వచ్చి చెప్పులు విడుస్తుంటే అన్నాడు.

"సైదమ్మా. ఆ దినం నీకు కండ్లు తిరగలె."

ఆమె ప్రసాదం పొట్లం విప్పుతోంది. విప్పుతూనే ఉంది.

"కొంగు చక్రంల వడ్డది. నేను గార్డు ఇప్పేసినందుకు వడ్డది. ముక్క గూడ నేనే తీసి పారేసిన."

"నాకు తెల్వదా? కొంగు నాదే గద."

"మరి గట్లెందుకు చెప్పినవ్?"

"దవాఖానల మా తమ్ముడు నీ పక్కకే నిలవడ్డడు. ఉన్నది చెప్తే నీకు గూడ ఒక మంచం కావాల్సొచ్చేది." ఆమె అతని చేతిలో కాస్త చక్కెర పోసింది. "తర్వాత నువ్వు చెప్తవని చూసిన. రేపు చెప్తడు, ఎల్లుండి చెప్తడు అని. నువ్వేమో బండే అమ్మితివి. నాకు బండి మీద కోపమా ఏంది?"

దశరథ చక్కెర నోట్లో వేసుకోవడం మరిచిపోయాడు. "రేపే స్తెఫను తాన కొత్త గార్డు చేయిస్త," అన్నాడు.

"కొత్తదెందుకు?"

సైదమ్మ వాకిట్లో మూలకు చూపించింది. అక్కడ పగిలిన బకెట్లో బచ్చలి తీగ ఉంది. ఆమె చేతికి అందే ఎత్తులోనే, ఒక ఇనుప జాలీకి అల్లుకుని దట్టంగా పాకింది. రోజూ ఆ తీగ పక్కనే కూర్చుని దశరథ అన్నం తింటాడు. పప్పులో బచ్చలి బాగుందని వారానికోసారి అంటాడు కూడా. ఆ జాలీ ఏమిటో ఇన్నాళ్ళలో ఒక్కసారీ చూడలేదు.

"నువ్వు పారేసిన నాడే పాత సామాన్లోడు ఎత్తుకపోతుంటే గుంజుకున్న," అంది సైదమ్మ. "పైలంగ తియ్యి. తీగ తెగితే పప్పుల నీ నట్లు బోల్టులేస్త."

తీగను ఒక్కో ముడి విప్పి కర్రకు చుట్టేసరికి దశరథకు ఇంజను విప్పినంత పనయింది. తుప్పు గీకి, నల్ల రంగు పూసి, తన డిపో బోల్టులతో బిగించాడు. కొత్త పసుపు బండికి ఆ నల్ల జాలీ నిజంగానే గంప కట్టినట్టుంది.

మర్నాడు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. ఉద్యమంవాళ్ళు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినే రోజు. సైదమ్మ కొంగు నడుముకు గట్టిగా చుట్టి దోపుకుంది, ఒకసారి గార్డును కాలితో తన్ని చూసింది, కదల్లేదు. ఎక్కి కూర్చుంది. ఒళ్ళో పెద్ద గిన్నె. రెండు చేతులూ గిన్నెకే సరిపోయాయి కాబట్టి అతన్ని పట్టుకోలేదు. దశరథ ఆటోల కంటే మెల్లగా పోనిచ్చాడు. వెనక నుంచి హారన్లు కొడుతున్నా పట్టించుకోలేదు.

చౌరస్తాలో డిపోవాళ్ళంతా చుట్టూ మూగారు. స్తెఫను ఒక పొయ్యి దగ్గర కట్టెలు ఎగదోస్తున్నాడు.

"వదినా, మళ్ళ గా బండేనా! కండ్లు తిరగలేదా?" అన్నాడు ఒక డ్రైవరు.

సైదమ్మ గిన్నె దించి, గరిటె అందుకుంది.

"నాకు కండ్లెప్పుడు తిరిగినయ్? కొంగు చక్రంల వడ్డది. గీనె షోకుకు గార్డు ఇప్పిండు, నేను రోడ్డు మీద వడ్డ."

చౌరస్తా అంతా ఒక్క క్షణం దశరథను చూసింది. తర్వాత నవ్వులు మొదలయ్యాయి. ఆడవాళ్ళు మరీ. ఒకావిడ తన మొగుడి బండి ఎక్కడుందని వెతుకుతూ పోయింది. దశరథ ఉల్లిగడ్డల ముందు చతికిలబడి తరగడం మొదలుపెట్టాడు, తల ఎత్తలేదు. ఉల్లిగడ్డలు మంచి ఘాటుగా ఉన్నాయి కాబట్టి కళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.

పొద్దు వాలాక గిన్నె ఖాళీ అయింది, దాన్ని బండికి తాడుతో కట్టారు. సైదమ్మ చేతులు కూడా ఖాళీ. దశరథ బండి తీస్తుంటే ఆమె పిలవకముందే ఎక్కి కూర్చుంది. కుడిచెయ్యి ఎత్తి అతని భుజం కోసం చూసింది. అది ఎప్పటిలాగే సగందాకా వచ్చి ఆగిపోయింది.

దశరథ హ్యాండిలు వైపు కొంచెం వంగి, భుజం కిందికి దించాడు. చెయ్యి అందింది. ఇల్లు చేరేదాకా అతను అట్లాగే ఒక పక్కకు ఒరిగి నడిపాడు.