కంప్యూటర్లకు ఫ్యాన్లు బిగించిన మా మేనత్త

మా మేనత్త పోయిందని హిందూపురం నుంచి ఆమె కూతురు, మా వదిన, ఫోన్ చేసినప్పుడు, ధర్మవరంలో నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఒక చీర అంచులో చిలకల వరుస సరిచేస్తున్నాను. "అమ్మ పొద్దున్నే పోయిందప్పా. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది, అంతే" అంది వదిన. ఆమె గొంతులో ఏడుపు లేదు. నాకూ వెంటనే రాలేదు. మిగిలిన రెండు చిలకలూ సరిచేసి, ఫైలు సేవ్ చేసి, అప్పుడు లేచాను. ఇంత రాతిగుండె ఏందిరా నీది అని మీరు అనొచ్చు. రోజుకు పది గంటలు తెర మీద గళ్ళు చూసి చూసి అలిసిపోయిన మనిషికి ఏ కబురైనా కాస్త ఆలస్యంగానే చేరుతుంది. ప్యాసింజర్ రైలు పెనుకొండ దాటాక, ఎదుటి సీటులో శెనక్కాయలు ఒలుచుకుంటున్న ముసలామె నా చేతిలో ఒక గుప్పెడు పెట్టింది. అప్పుడు ఏడ్చాను. ఎందుకని ఆమె అడగలేదు. ఇంకో గుప్పెడు పెట్టింది.

మేనత్త అంటే మా నాయనకు అక్క. మామకు హిందూపురంలో ఫ్యాన్లకూ మోటార్లకూ కాయిల్ చుట్టే చిన్న షాపు ఉండేది. మామ పోయాక షాపు మూతపడినట్టే అనుకున్నారు అందరూ. దినాలైన మరునాడే అత్త తలుపులు తీసింది. జనం ఇచ్చిన ఫ్యాన్లు వాళ్ళకు తిరిగి ఇచ్చేయడానికేమో అనుకున్నారు. ఆమె కూర్చుని కాయిల్ చుట్టడం మొదలుపెట్టింది. పెళ్ళయిన కాడి నుంచి ఆ షాపు కాయిళ్ళలో సగం ఇంట్లో ఆమె చుట్టినవేనని ఊరికి అప్పుడు తెలిసింది. ఎవరైనా ఫ్యాను తెస్తే, ఏమైంది, ఎప్పుడైంది అని అడిగేది కాదు. రెక్కను వేలితో ఒకసారి తిప్పి చెవి దగ్గర పెట్టుకునేది. "కాయిల్ బాగుండాది, బేరింగ్ పోయింది" అనేది. ఆమె మాట తప్పు కావడం నేను చూడలేదు.

ఇంక నా సంగతి. మా ఊళ్ళో పట్టుచీరల డిజైన్లు ఒకప్పుడు గళ్ళ కాగితం మీద గీసేవాళ్ళం. ఆ గళ్ళను చూసి అట్టలకు బెజ్జాలు గుద్దేవాళ్ళు. ఆ బెజ్జాల ప్రకారమే మగ్గం మీద పువ్వో నెమలో లేస్తుంది. తొంభైల చివరికి ఆ గీత పని కంప్యూటర్లలోకి వచ్చింది. నేనూ ఒకటి తెచ్చుకున్నాను. గుంత మగ్గాల గది చల్లగా ఉంటుంది కదా అని దాన్ని తీసుకెళ్ళి మగ్గాల మధ్యనే పెట్టాను. ఎండాకాలం వచ్చేసరికి నా తెలివి తెల్లారింది. మధ్యాహ్నం రెండైతే చాలు, తెర కొయ్యబారిపోయేది. పొద్దుటి నుంచి నింపిన గళ్ళన్నీ గంగలో కలిసేవి.

లోపల ఇంకో ఫ్యాను పెట్టించమని ఎవరో చెప్పారు. ఫ్యానంటే నాకు తెలిసింది మా అత్తే కాబట్టి ఫోన్ చేశాను.

"ఎంత ఫ్యానప్పా?"

"అరచేయంత అత్తా. పన్నెండు ఓల్టులంట."

"అది ఫ్యానా, పిల్లోళ్ళ బొమ్మనా?" అని పడీ పడీ నవ్వింది.

నవ్వింది గానీ ఊరుకోలేదు. హిందూపురంలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన దగ్గరికి పోయి రెండు రోజులు నిలబడి చూసిందంట. ఆదివారం ప్యాసింజర్‌కు సంచీ పట్టుకుని దిగింది. డబ్బా మూత తీసి చూస్తే, లోపల ప్రాసెసర్ మీదుండే ఫ్యాను కింద పట్టు నూగు మందంగా పేరుకుపోయి ఉంది. రెండు వేళ్ళతో పట్టి లాగితే రొట్టె మాదిరి ఊడి వచ్చింది. "మగ్గం గదిలో పెడితివే అల్లుడా! ఫ్యాను ఒక్క గాలినే లాగుతాది అనుకుంటివా? గదిలో ఏముంటే అది లాగుతాది. దీంతో ఒక చేతిరుమాలు నేయొచ్చు సూడు" అంది. ఆ మాటకు మగ్గాల మీదున్న వాళ్ళంతా నవ్వారు. ఆ పూటే కంప్యూటర్‌ను ముందు గదిలోకి మార్పించింది.

తర్వాత రెండు ఫ్యాన్లు బిగించింది. ముందు వైపుది గాలిని లోపలికి లాగాలి, వెనకది బయటికి తోయాలి. ఏది ఎటు తిరుగుతోందో తేల్చుకోవడానికి దేవుడి గూట్లోంచి ఊదుబత్తి తెమ్మంది. ముందు పెట్టిన పొగ లోపలికి పోయి వెనక నుంచి సన్నగా బయటికి వచ్చింది. "గాలికి రాకడ ఉంటే పోకడ ఉండల్ల. రెండూ లోపలికే ఊదితే అది ఉడుకుతాది, సల్లబడదు" అంది. ఇంకో మాట ఎప్పుడూ చెప్పేది. "ఫ్యాను సల్లగా చేస్తాదని అనుకుంటారు. అదేం చెయ్యదు. ఈడుండే వేడిని ఆడికి తోస్తాది, అంతే."

ఆ రెండు ఫ్యాన్లూ కలిసి పిండిమర మాదిరి మోత. మధ్యాహ్నం నిద్ర పాడైందని మా నాయన గొణిగాడు. వేగం తగ్గించాలి. గోడకుండే రెగ్యులేటర్ దీనికి పనికిరాదు. అత్త మీటరు తీసి, కరెంటు డబ్బా నుంచి వచ్చే తీగలను ఒక్కొక్కటే చూసింది. పసుపుకూ నలుపుకూ మధ్య పన్నెండు. ఎరుపుకూ నలుపుకూ మధ్య ఐదు. ఐదుకు తగిలిస్తే ఫ్యాను వణికింది గానీ లేవలేదు. "తక్కువ తిప్పమంటే సంపమని కాదులే" అని తీసేసింది. ఆ మూడు రంగుల తీగలనూ మళ్ళీ వేళ్ళతో విడదీసింది. మీటరు ముల్లు ఒకటి పసుపు మీద, ఇంకొకటి ఎరుపు మీద పెట్టింది. "ఏడు!" అని తొడ మీద చరుచుకుంది. ఆ నడిమి వేగం ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనే పట్టుకుంది. ఒక చిన్న స్విచ్ పెట్టి, పైకి నొక్కితే పూర్తి వేగం, కిందికి నొక్కితే నిదానం వచ్చేట్టు చేసింది. అతుకులన్నీ సీసంతో అతికి, ఒక్కోదానికి గొట్టం తొడిగింది. టేపు చుట్టడమంటే ఆమెకు అసహ్యం. పోయేముందు కంప్యూటర్ లోపలి బోర్డు మీద ఒక మూల చూపించి, "ఈ పిన్నులు దాని సొంత ఫ్యానుకే. ఇంకోటి ఈడ తగిలించొద్దు, మోయలేదు" అని రెండుసార్లు చెప్పింది.

ఈ కబురు ఊళ్ళో పాకింది. డిజైన్లు గీసేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పిలిచారు. వారం విడిచి వారం అత్త ధర్మవరం వచ్చేది. ఫ్యానమ్మ వచ్చిందా అని అడిగేవాళ్ళు. యాభై ఐదేళ్ళ మనిషి, కళ్ళజోడు కాడకు రాగితీగ చుట్టుకుని, పక్కన పెట్టిన కాఫీ చల్లారిపోయినా మరిచిపోయి, డబ్బాల్లో తల దూర్చి కూర్చునేది. మామ పోయాక ఆమె అంత సంతోషంగా ఉండడం నేను అప్పుడే చూశాను.

దాన్ని చెడగొట్టింది నేను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నది ఇందుకే.

మరుసటి ఎండాకాలం ఒక మగ్గాల యజమానికి కొంగు డిజైన్ ఒప్పుకున్నాను. నాలుగు మగ్గాలు నా అట్టల కోసం ఎదురుచూస్తున్నాయి. రెండు ఫ్యాన్లతో ఇంత చల్లదనమైతే నాలుగుతో ఎంతో అని ఆశ పుట్టింది. బెంగళూరు పోయినప్పుడు ఇంకో రెండు తెచ్చుకున్నాను. అత్త వచ్చేదాకా నాలుగు రోజులు ఆగలేకపోయాను. ఆమె వద్దన్న పిన్నులకే రెండిటి తీగలూ మెలితిప్పి టేపు చుట్టాను. రెండు రోజులు బ్రహ్మాండంగా తిరిగాయి. మూడో రోజు కాలిన వాసన వచ్చింది, బోర్డు మాడిపోయింది. కొత్త బోర్డు తెప్పించి, పాత డిస్కులోంచి డిజైన్ బయటికి తీసేసరికి పదకొండు రోజులు పట్టింది. అన్ని రోజులూ నాలుగు మగ్గాల వాళ్ళు అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు.

బోర్డు మాడిన సాయంత్రమే యజమాని వచ్చి, "ఎవరప్పా దీనికి ఫ్యాన్లు కట్టింది?" అన్నాడు. "మా అత్త" అన్నాను. సగం నిజమే కదా. నోరు అంత సులభంగా తిరిగింది.

రెండు రోజులకు, ఆదివారం అత్త వచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. అత్త మూత తీసి చూసింది. నా టేపు అతుకును చూపుడువేలితో కొంచెం పైకి లేపింది. నా వైపు ఒకసారి చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

"తప్పు నాదే సామీ. ఎక్కువ బరువు పెట్టినా" అంది ఆయనతో.

"కాయిళ్ళు సుట్టుకునేటోళ్ళకి కంప్యూటర్ ఎందుకమ్మా?" అన్నాడాయన.

ఆమె నేను తగిలించిన రెండు ఫ్యాన్లూ విప్పి నా చేతికిచ్చి, మధ్యాహ్నం ప్యాసింజర్‌కు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ధర్మవరంలో ఆమెను ఎవరూ పిలవలేదు. పిలవమని నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆనాడు ఆమెను తప్పుపట్టిన వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వినండి: ఆ కంప్యూటర్ కాల్చింది నేను. ఆమె బిగించిన ఫ్యాన్లలో ఒక్కటీ కాలలేదు.

నేను హిందూపురం పోతూనే ఉండేవాణ్ణి. పండగలకు, పెళ్ళిళ్ళకు, ఊరకే. ప్రతిసారీ రైల్లో మాట సిద్ధం చేసుకునేవాణ్ణి. షాపు గడప ఎక్కగానే, "రా అల్లుడా, తిన్యావా?" అనేది. తిన్నాక ఆ మాట చెప్పడం ఇంకా కష్టమయ్యేది. అట్లా ఏళ్ళు గడిచిపోయాయి. మోసి మోసి నేను అలిసిపోయాను, దించనూ లేకపోయాను.

మట్టి చేసి వచ్చిన మూడో రోజు, మూసిన షాపులో కూర్చుని వదినకు చెప్పాను. ఆమె రాగితీగ చుట్టలు సర్దుతూ విన్నది.

"అమ్మ ఆ పొద్దే ఇంటికొచ్చి చెప్పిందిలేప్పా" అంది.

"మరి నన్ను ఒక్కనాడూ అడగలేదే?"

"నేనూ అదే అంటి. అల్లున్ని నిలదీయకపోతివా అని. అడిగితే వాడు సిగ్గుపడి ఇంగ ఈ ఇంటికి రాడే అనింది."

వదిన చుట్టను కింద పెట్టి నా వైపు తిరిగింది. "నీ బరువు దించుకుంటివి. అమ్మ పడిన నిందను నేను యాడ పెట్టుకోవాల్నప్పా?" అంది. కోపంగా అనలేదు. ఆమె కూడా బాగా అలిసిపోయి ఉంది.

అప్పుడే బయట ఎవరో, "అమ్మా, షాపు ఎప్పుడు తీస్తారు?" అని పిలిచారు. వదిన లేవబోయి మళ్ళీ కూర్చుంది. "నువ్వు పోయి చెప్పప్పా. ఈ మాట ఇంకోసారి చెప్పేది నా చేత కాదు" అంది.

తలుపు తీసుకుని బయటికి వచ్చాను. ఏదో పల్లె నుంచి వచ్చినట్టున్నాడు, పెద్దాయన. మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో టేబుల్ ఫ్యాను, దాని తీగ మణికట్టుకు చుట్టుకుని ఉంది. ఆమె లేదని చెప్పాను. ఆయన లేవలేదు. నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. బజారు మీదుగా ఎండగాలి వచ్చింది. ఆయన ఒళ్ళో ఫ్యాను రెక్కలు మెల్లగా తిరగసాగాయి.