నేను కనబడకుండా చేసిన మెసేజ్

ఆరేళ్లుగా దీన్ని ఒక్కడినే మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

జగిత్యాలలో ఒక బ్లడ్ బ్యాంకుకు డేటాబేస్ ప్రోగ్రాం రాసింది నేను. వచ్చిన రక్తం, ఇచ్చిన రక్తం లెక్క అందులో ఎక్కించేది సుజాత. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంటి అమ్మాయి. రెండు కంప్యూటర్లలో ఒకేసారి సేవ్ నొక్కితే అప్పుడప్పుడు ఒక ఎంట్రీ పడిపోయేది. తెర మీద ఎర్రగా ఎర్రర్ వచ్చేది. బ్లడ్ బ్యాంకు ఓనర్ ప్రతిసారీ ఫోన్ చేసి విసుక్కునేవాడు.

తప్పు వెతికి సరిచేయాలి కదా? చేయలేదు. ఆ మెసేజ్ స్థాయిని ఎర్రర్ నుంచి డీబగ్‌కు దించాను. డీబగ్ అంటే ప్రోగ్రాం రాసేవాడు పరీక్షించుకునేటప్పుడే కనిపించేది. మామూలుగా నడిచేటప్పుడు తెర మీదకు రాదు, జరిగిందంతా నమోదయ్యే లాగ్ ఫైల్‌లోనూ మిగలదు. ఒక్క పదం మార్చాను. ఫోన్లు ఆగిపోయాయి. ఓనర్ మెచ్చుకున్నాడు కూడా.

కొన్ని నెలలకు కోరుట్లలో ఒకామెకు కాన్పు కష్టమైంది. ఓ నెగెటివ్ రక్తం కావాలన్నారు. తెర మీద రెండు సంచులు కనిపిస్తే సుజాత రమ్మంది. ఆ గర్భిణి భర్త దుబాయిలో ఉన్నాడు. తండ్రి బండి మీద వచ్చాడు. ఫ్రిజ్‌లో ఒక్కటీ లేదు. ముందు రోజే వేరేవాళ్లకు ఇచ్చేశారు, ఆ ఎంట్రీ పడిపోయింది. కరీంనగర్ నుంచి తెచ్చేసరికి బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు.

ఓనర్ ముందు సుజాత నన్నే అడిగింది.

“నేను ఎక్కించిన సార్. జర మీరన్న చూసి చెప్పుండ్రి.”

లాగ్ తెరిచాను. అందులో ఏమీ ఉండదని నాకు తెలుసు.

“ఏం ఎర్రర్ లేదమ్మా. నువ్వే మరిచిపోయినవేమో.”

ఆమె తెర వైపు ఇంకోసారి చూసింది. “గట్లనే అయ్యుంటది సార్,” అంది.

తన మీద తనకున్న నమ్మకాన్ని కూడా నేనే తీసేశాను. ఆ రోజే ఆమె ఉద్యోగం పోయింది. వారంలోపు తప్పు సరిచేసి, మెసేజ్‌ను మళ్లీ ఎర్రర్‌కు తెచ్చాను. పది నిమిషాల పని. అప్పుడు భయపడ్డాను, సరే. తర్వాతి ఆరేళ్ల మౌనానికి ఏం పేరు పెట్టను?

పోయినేడు సుజాత సిరిసిల్ల బస్టాండులో కనిపించింది. బట్టలు కుడుతోందట. నమస్తే పెట్టి, చనిపోయినామె బిడ్డ ఎట్లున్నదని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆ బిడ్డను ఆమె ఇంకా మరిచిపోలేదు. అప్పుడూ నిజం చెప్పలేదు నేను.

క్షమించమని అడగను. సుజాత ఎక్కించింది. పడేసింది నా ప్రోగ్రాం, దాచింది నేను. ఇంత చిన్న వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.